కనిపించేదాకా కలిసి చూద్దాం

కుటుంబంతో చేసే ప్రయాణాల్లో చాలావాటికి మనం చూడబోయేది ముందే ఖాయం. తిరుమల వెళ్తే స్వామి గర్భగుడిలో ఉంటాడు. చార్మినార్ చూడాలని బయల్దేరితే అది కదలకుండా అక్కడే ఉంటుంది. తిమింగలాల్ని చూడటానికి బోటెక్కినప్పుడు మాత్రం అలాంటి భరోసా ఉండదు. అవి ఏ పూట ఎక్కడ పైకి వస్తాయో కెప్టెన్ అంచనా వెయ్యగలడు గానీ మాట ఇవ్వలేడు. టికెట్లు కొన్నాం, సెలవు పెట్టాం, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకొచ్చాం అనే లెక్కలేవీ సముద్రానికి పట్టవు.

ఈ ప్రయాణానికి ఒక అధ్యాయం కేటాయించడానికి కారణం అదే. చేతిలో ఉన్న పనిని శ్రద్ధగా చేసి, చేతిలో లేనిదాని కోసం చిరాకు పడకుండా ఎదురుచూడటం పిల్లలకి మాటలతో వంటబట్టదు. మూడు నాలుగు గంటలు బోటు మీద పెద్దవాళ్ళ పక్కన నిలబడితే వంటబడుతుంది. తిమింగలం రావడం సముద్రం చేతిలో ఉంది. చలికి వణక్కుండా, కడుపులో తిప్పకుండా, ఒకరి మీద ఒకరు విసుక్కోకుండా ఉండి, అది వచ్చినప్పుడు అందరి కళ్ళూ అటే ఉండేలా చూసుకోవడం మన చేతిలో ఉంది. ఈ రెండో సగం బాగా చేసిన కుటుంబానికి ఆ రోజు వృథా పోదు.

ఉదాహరణకి కాలిఫోర్నియాలోని మాంటెరే బేని తీసుకుంటున్నాను. సాన్ హోజే, ఫ్రీమాంట్, సన్నీవేల్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకి ఇది ఒక్కరోజులో వెళ్ళి రాగలిగిన చోటు. సాన్ హోజే నుంచి సుమారు 115 కిలోమీటర్లు. ఏడాది పొడవునా ఏదో ఒక రకం తిమింగలం తిరిగే తీరాలు ప్రపంచంలో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ముందు కాలం తెలుసుకోండి

మాంటెరే తీరానికి తిమింగలాలు రావడానికి కారణం నీళ్ళ కింద ఉంది. మాస్ లాండింగ్ అనే చిన్న రేవు ఎదుటే, ఒడ్డుకి కూతవేటు దూరంలో, సముద్రగర్భంలో ఒక మహా లోయ మొదలవుతుంది. అంచు నుంచి అడుగుదాకా దాని లోతు కొన్నిచోట్ల ఒకటిన్నర కిలోమీటరు దాటుతుంది. వసంతం నుంచి వేసవి దాకా వాయవ్య దిక్కు నుంచి వీచే గాలులు పైనున్న నీటిని ఒడ్డు నుంచి దూరంగా నెడతాయి. ఆ ఖాళీని నింపడానికి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. దాంతోపాటు పోషకాలూ వస్తాయి. వాటి మీద సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. ఆ నాచుని తినడానికి క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులు, ఆంచొవీలు గుంపులుగా చేరతాయి. ఆంచొవీలంటే మన నెత్తళ్ళ జాతి చేపలే. ఈ మాట చెప్తే కోస్తా నుంచి వచ్చిన తాతయ్యకి మిగతా కథంతా చెప్పకుండానే అర్థమవుతుంది. చేప ఉన్నచోటికి వేటగాడు వస్తాడు.

డిసెంబరు నుంచి మే దాకా బూడిదరంగు తిమింగలాలు ఈ దారిన పోతాయి. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మడుగుల్లో పిల్లల్ని కని, ఆర్కిటిక్ వైపు మేతకి పోయే జాతి ఇది. రానూపోనూ 16,000 కిలోమీటర్లకి పైనే ఈదుతాయి. శీతాకాలంలో దక్షిణానికి, వసంతంలో ఉత్తరానికి వెళ్తాయి. అన్నిటికన్నా చివర, ఏప్రిల్, మే నెలల్లో, తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒడ్డు పట్టుకుని సాగుతాయి. అదే సమయంలో ఆ పిల్లల కోసం ఓర్కాలు (కిల్లర్ వేల్స్) కాపు కాస్తాయి. హంప్‌బ్యాక్ తిమింగలాలు సుమారు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఇక్కడే ఉండి మేస్తాయి. భూమ్మీద పుట్టిన జంతువులన్నిటిలోకీ పెద్దదైన నీలి తిమింగలం ఎక్కువగా జూలై నుంచి అక్టోబరు మధ్య కనిపిస్తుంది.

పిల్లల సెలవులు, అమ్మానాన్నలు అమెరికాలో ఉండే నెలలు, ఈ కాలాలు మూడింటినీ ఒకే క్యాలెండరు మీద పెట్టి చూడండి. వేసవిలో పెద్దవాళ్ళు వచ్చే ఇళ్ళకి హంప్‌బ్యాక్‌ల కాలం చక్కగా సరిపోతుంది. తల్లీపిల్లల్ని చూపించాలనుకుంటే వసంతంలో బయల్దేరండి.

మాట ఇవ్వకండి, పనిలో కలుపుకోండి

పిల్లలతో “రేపు నీకు తిమింగలాన్ని చూపిస్తాను” అనకండి. మీ చేతిలో లేనిదానికి మాట ఇచ్చినట్టవుతుంది. అది రాకపోతే పిల్లల దృష్టిలో మీరు మాట తప్పినవారవుతారు. “రేపు మనందరం తిమింగలాల్ని వెతకడానికి వెళ్తున్నాం” అనండి. చూపించడం అంటే పని మీది, పిల్లలు ప్రేక్షకులు. వెతకడం అంటే పిల్లలకీ అందులో వాటా ఉంది. ఆ వాటా ఉన్న పిల్లలు బోటు మీద “ఇంకెంతసేపు” అని అడగడం తగ్గుతుంది.

పెద్దవాళ్ళతో మాట్లాడే తీరు వేరు. మన అత్తయ్యలు, మామయ్యలు, అమ్మానాన్నలు తమకి ఇష్టం లేకపోయినా పిల్లలు సరదాపడుతున్నారని బయల్దేరతారు. చలి అనిపించినా, కడుపులో తిప్పినా చెప్పరు. అందుకే ముందు రోజే, అందరి ముందు కాకుండా విడిగా, అడగాల్సినవి అడగండి. బస్సు ప్రయాణంలో వాంతులయ్యే అలవాటుందా? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఏ మాత్రలు ఏ వేళకి వేసుకోవాలి? “నాన్నా, మూడు నాలుగు గంటలు సముద్రం మీద ఉంటాం. మధ్యలో దిగి వచ్చేయడం కుదరదు. నీకు ఒడ్డునే బాగుంటుందనిపిస్తే అదీ మంచిదే, నేను నీతో ఉంటాను” అని చెప్పండి. కాదనుకోవడానికి దారి ఉందని తెలిసినప్పుడే, ఆయన సరే అన్న మాటకి విలువ.

బోటు ఎంచుకునేటప్పుడు

మాంటెరేలో బోట్లు ఫిషర్‌మన్స్ వార్ఫ్ నుంచి, ఉత్తరాన మాస్ లాండింగ్ నుంచి బయల్దేరతాయి. టికెట్టు కొనేముందు ఈ సంగతులు అడిగి తెలుసుకోండి.

బోటు ఎంత పెద్దది? పెద్ద బోటు అలకి తక్కువ ఊగుతుంది. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబానికి అదే మేలు. లోపల కూర్చోవడానికి గాలి తగలని గది, మరుగుదొడ్డి ఉన్నాయా? కనీస వయసు ఏమైనా పెట్టారా? సముద్ర జీవుల గురించి వివరించే నేచురలిస్ట్ బోటులో ఉంటారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. నేచురలిస్ట్ ఉన్న బోటులో తిమింగలం కనబడని అరగంట కూడా నేర్చుకునే అరగంట అవుతుంది. ఏమీ కనబడకపోతే ఇంకోసారి ఉచితంగా రానిచ్చే పద్ధతి కొందరికి ఉంది. ఆ షరతులూ ముందే అడగండి.

వీలైనంతవరకు ఉదయం మొదటి బోటుకే వెళ్ళండి. ఈ తీరంలో మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది, గాలితోపాటు కెరటాలూ లేస్తాయి. పొద్దున నీరు నున్నగా ఉంటే, దూరాన తిమింగలం ఊపిరి వదిలినప్పుడు లేచే చిమ్ము కూడా కంటికి దొరుకుతుంది.

కారు దారి కూడా ఆలోచించండి. సాన్ హోజే నుంచి వెళ్ళేవాళ్ళు హైవే 17 పడితే సాంతా క్రూజ్ కొండల్లో మలుపులు తిరగాలి. బోటెక్కకముందే కొందరికి కడుపు తిరుగుతుంది. 101 మీద దక్షిణానికి వెళ్ళి, 156 మీదుగా హైవే 1 చేరుకునే దారి తిన్నగా ఉంటుంది. కారు నిలపడానికి చోటు వెతుక్కునే సమయం కలుపుకుని, బోటు వేళకి గంట ముందే రేవు చేరేలా బయల్దేరండి. మిగిలిన సమయంలో వార్ఫ్ కింద అరిచే సీ లయన్లని చూస్తూ పిల్లలు హాయిగా గడిపేస్తారు.

కడుపు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు

ఈ ప్రయాణాన్ని పాడుచేసేవాటిలో మొదటిది తిమింగలం రాకపోవడం కాదు, కడుపులో తిప్పడం. బోటు ఊగుతోందని మన లోచెవి మెదడుకి చెబుతుంది. మనం ఫోను చూస్తూనో, గదిలో గోడని చూస్తూనో ఉంటే, ఏదీ కదలడం లేదని కళ్ళు చెబుతాయి. రెండు కబుర్లకీ పొంతన కుదరక వికారం మొదలవుతుంది. కాబట్టి మందు కన్నా ముందు చెయ్యాల్సింది కళ్ళకి సరైన చోటు చూపించడం. సముద్రమూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడమనండి. బోటు నడుమ భాగంలో గానీ, వెనకవైపు గానీ నిలబెట్టండి. ముందుభాగం ఎక్కువగా లేచి పడుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్ళు అటు అసలు వెళ్ళకూడదు. వికారం మొదలైనవాళ్ళని పడుకోబెడదామని లోపలి గదిలోకి తీసుకెళ్ళడం మనకి తోచే మొదటి ఆలోచన. చాలామందికి దాంతో వికారం పెరుగుతుంది. బయట గాలిలో ఉంచి దూరంగా చూడమనడమే మంచిది.

ఖాళీ కడుపుతో వెళ్ళకండి, నిండా తిని కూడా వెళ్ళకండి. పొద్దున రెండు ఇడ్లీలో, పెరుగన్నమో, అరటిపండో చాలు. పూరీలు, మసాలా దోశలు ఆ పూటకి వద్దు. బోటు మీదికి పొడిగా ఉండే తిండి పట్టుకెళ్ళండి. మరమరాలు, బిస్కెట్లు, అల్లం మురబ్బా పనికొస్తాయి. షుగరు ఉన్నవాళ్ళ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వికారం భయంతో తినకుండా మాత్ర వేసుకున్నా, ఇన్సులిన్ తీసుకున్నా, సముద్రం మధ్యలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. వాళ్ళ టిఫిను, మాత్ర, మధ్యలో తినే చిరుతిండి వేళలన్నీ ముందే రాసిపెట్టుకోండి. ఏదైనా తీపి వాళ్ళ జేబులోనే ఉంచండి.

మందుల విషయానికొస్తే, డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్ లాంటివి అమెరికాలో చీటీ లేకుండానే దొరుకుతాయి. పెద్దవాళ్ళు ఇండియా నుంచి ఆవోమిన్ తెచ్చుకుని ఉండొచ్చు. ఇవన్నీ వికారం మొదలయ్యాక కాదు, బోటెక్కడానికి ముందే వేసుకోవాలి. ఎంత ముందు, ఎంత మోతాదు అన్నది డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి. ఇవి మగత తెస్తాయి. గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్యలున్న పెద్దవాళ్ళకి సరిపడకపోవచ్చు. పిల్లల మోతాదు వేరు. గర్భవతులు డాక్టరుని అడక్కుండా బోటు ఎక్కకూడదు, మందూ వేసుకోకూడదు. ఇంకొకటి మర్చిపోవద్దు. తిరుగు ప్రయాణంలో కారు నడపాల్సినవాళ్ళు మగత తెచ్చే మందు వేసుకోకూడదు. కాబట్టి కడుపు గట్టిగా ఉన్నవాళ్ళని ముందురోజే డ్రైవరుగా నిర్ణయించుకోండి.

ఇంత చేసినా ఎవరికైనా వాంతి కావచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని పిల్లలకి ముందే చెప్పండి. గాలి ఎదురుగా రాని వైపు, బోటు వెనక కటకటాల దగ్గరికి తీసుకెళ్ళి భుజం పట్టుకుని నిలబడండి. ఒక సంచి, నీళ్ళ సీసా, తడి రుమాలు మీ దగ్గర ఉండాలి.

వేసవి అని మోసపోకండి

సాన్ హోజేలో జూలైలో ఎండ మండిపోతుంటే మాంటెరేలో పొగమంచు కమ్ముకుని ఉండొచ్చు. అడుగు నుంచి పైకొచ్చే ఆ చల్లటి నీరే దీనికీ కారణం. బోటు కదులుతుంటే గాలి మరింత చలి పుట్టిస్తుంది. ఒకే మందపాటి కోటు కన్నా, ఒకదాని మీద ఒకటి వేసుకునే బట్టలు మేలు. లోపల నూలు చొక్కా, దాని మీద స్వెట్టరు, పైన గాలీ నీరూ చొరబడని జాకెట్టు వేసుకోండి. తాతయ్యకి మంకీ టోపీ, మఫ్లరు, పిల్లలకి చేతి తొడుగులు పెట్టండి.

అమ్మకి చీర అలవాటైతే ఆ ఒక్కరోజు సల్వార్ గానీ ప్యాంటు గానీ వేసుకోమని బతిమాలండి. తడి మెట్ల మీద కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతాయి, కొంగు గాలికి ఆగదు. చెప్పులు కాకుండా రబ్బరు అడుగున్న బూట్లు ఉండాలి. మబ్బు పట్టినా నీటి మీద ఎండ తగులుతుంది కాబట్టి సన్‌స్క్రీన్ రాయండి. బోటెక్కేముందు అందరూ ఒడ్డునే మరుగుదొడ్డికి వెళ్ళి రండి. ఊగే బోటులో ఇరుకు తలుపు తెరుచుకుని వెళ్ళడం పెద్దవాళ్ళకి కష్టం.

ఎవరి పని వాళ్ళకి అప్పగించండి

ఇప్పుడు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పని ఉన్న మనిషి ఎదురుచూడగలడు. పని లేని మనిషి విసుక్కుంటాడు. కాబట్టి బోటు మీద ఒక్కొక్కరికీ ఒక్కొక్క పని ఇవ్వండి.

మొదటి పని, నలుదిక్కులా చూడటం. కెప్టెన్లు దిక్కుని గడియారం లెక్కలో చెబుతారు. బోటు ముందుభాగం 12 గంటలు, కుడిచెయ్యి వైపు 3 గంటలు, వెనక 6, ఎడమవైపు 9. ఇంట్లోనే పిల్లలతో ఈ ఆట ఆడండి. “రెండు గంటల దగ్గర” అనగానే అందరూ ఒకేవైపు తిరిగేలా అలవాటు చెయ్యండి. బోటు మీద నలుగురూ నాలుగు దిక్కులు పంచుకోండి. వెతకాల్సింది తిమింగలం ఒంటిని కాదు, అది వదిలే ఊపిరిని. నీలి తిమింగలం చిమ్ము సన్నటి స్తంభంలా సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తు దాకా లేస్తుంది. హంప్‌బ్యాక్ చిమ్ము పొట్టిగా, గుబురుగా ఉంటుంది. బూడిదరంగు తిమింగలానిది ముందునుంచో వెనకనుంచో చూస్తే పైన రెండుగా చీలి హృదయం ఆకారంలో కనిపిస్తుంది. పక్షులు ఒకేచోట గుంపుగా నీళ్ళలోకి దూకుతున్నా గమనించండి. అక్కడ చేపలున్నట్టే, చేపల కింద తిమింగలం ఉండే అవకాశమూ ఉన్నట్టే.

రెండో పని, లెక్క. ఇది ఏడెనిమిదేళ్ళ పిల్లలకి బాగా నప్పుతుంది. బూడిదరంగు తిమింగలం సాధారణంగా మూడు నుంచి అయిదు సార్లు ఊపిరి వదిలి, తోక పైకెత్తి లోపలికి మునుగుతుంది. మళ్ళీ పైకి రావడానికి మూడు నుంచి అయిదారు నిమిషాలు పడుతుంది. హంప్‌బ్యాక్ మునక తరచుగా అయిదు నుంచి పది నిమిషాలు ఉంటుంది. నీలి తిమింగలమైతే పది నిమిషాలు దాటొచ్చు. చిన్నది ఊపిర్లు లెక్కపెడితే, తాతయ్య చేతి గడియారంలో మునక సమయం చూస్తారు. రెండు మూడు మునకలయ్యాక “ఇంకో నిమిషంలో వస్తుంది తాతయ్యా” అని పిల్ల ముందే చెప్పడం మొదలుపెడుతుంది. తను చెప్పినట్టే తిమింగలం వస్తే ఆ పిల్ల ఆనందానికి అవధి ఉండదు. రాకపోతే ఎందుకు రాలేదని ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు.

మూడో పని, ఫొటో. దీన్ని ఒక్కరికే అప్పగించండి. టీనేజీ పిల్లలకైతే మరీ మంచిది. ఒకరు తీస్తున్నారన్న ధైర్యంతో మిగతావాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టి కళ్ళతో చూడగలుగుతారు. హంప్‌బ్యాక్ తోక అడుగున ఉండే నలుపుతెలుపు మచ్చలు మన వేలిముద్రల్లా ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు. మునిగేటప్పుడు ఎత్తిన తోకని వెనకనుంచి తీసి, 2015లో మొదలైన హ్యాపీవేల్ అనే వెబ్‌సైటుకి పంపితే, అదే తిమింగలాన్ని ఇంతకుముందు ఎవరు ఎక్కడ చూశారో తెలిసే అవకాశం ఉంది. మీ పిల్లవాడు తీసిన ఫొటో శాస్త్రవేత్తల లెక్కలో చేరుతుంది. ఒక పదిహేనేళ్ళ పిల్లవాడికి ఇంత గౌరవమైన పని ఇంట్లో మనం ఇవ్వలేం.

నాలుగో పని బైనాక్యులర్స్. ఏడు లేదా ఎనిమిది రెట్లు చూపించేవి చాలు. అంతకన్నా ఎక్కువైతే ఊగే బోటులో బొమ్మ నిలవదు. అవి చేతులు మారుతూ ఉండేలా చూసే బాధ్యత ఒకరిది.

పెద్దవాళ్ళకి పని ఇవ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టడం గౌరవం అనుకుంటాం. గౌరవం వాళ్ళ కళ్ళని నమ్మడంలో ఉంది. భీమిలి దగ్గర పెరిగిన మా అత్తయ్యగారు అందరం కెమెరాలు సర్దుకుంటుంటే నీటి వైపే చూస్తూ కూర్చున్నారు. మొదటి చిమ్ముని చూసి చెయ్యెత్తి చూపించింది ఆవిడే. చిన్నప్పుడు ఒడ్డున నిలబడి వేటకెళ్ళిన పడవల కోసం చూసిన కళ్ళు అవి. ఆ రోజు తర్వాత మా పిల్లలు సముద్రం గురించి ఏ సందేహం వచ్చినా ముందు అమ్మమ్మనే అడుగుతున్నారు.

ఏమీ కనబడని గంటలో

బోటు బయల్దేరాక ఒక గంట ఏమీ కనబడకపోవచ్చు. అసలు అభ్యాసం అప్పుడే మొదలవుతుంది. ఆ గంటలో “డబ్బులు దండగ”, “పోయిన వారం వచ్చుంటే బాగుండేది” లాంటి మాట మీ నోటి నుంచి రాకూడదు. పిల్లలు సముద్రాన్ని చూసినంత శ్రద్ధగానే మీ ముఖాన్నీ చూస్తుంటారు. దొరకని దాని పట్ల మనం ఎలా ఉంటామో, రేపు మార్కులు రాని రోజు, ఉద్యోగం దొరకని రోజు వాళ్ళూ అలాగే ఉంటారు.

ఆ గంటని కబుర్లతో నింపండి. పోటు, ఆటు అంటే ఏమిటో, ఊళ్ళో పడవలు ఏ గాలికి బయల్దేరతాయో తాతయ్యని అడగండి. తిమింగలం చేప కాదనీ, మనలాగే ఊపిరి పీల్చి, పిల్లకి పాలిచ్చి పెంచుతుందనీ చెప్పండి. కెల్ప్ నాచు మీద వెల్లకిలా తేలే సీ ఆటర్లని, బోటు పక్కన దూకే డాల్ఫిన్లని తక్కువ చెయ్యకండి. వాటిని చూసి నిజంగా సంతోషించగలిగినవాళ్ళే తిమింగలం కోసం ఓపిగ్గా ఉండగలరు.

దూరం పాటించడం కూడా ప్రేమే

తిమింగలం కనబడగానే “ఇంకా దగ్గరికి పోనిమ్మను” అని మనకే అనిపిస్తుంది. అమెరికాలో 1972లో వచ్చిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం వాటిని వేధించడాన్ని నిషేధించింది. కనీసం వంద గజాల దూరం ఉండాలన్నది ఇక్కడి నియమావళి. మంచి కెప్టెన్ వేగం తగ్గించి, పక్కనుంచి సాగి, దాని దారికి అడ్డం పడకుండా ఆగుతాడు. ఆపైన అదే దగ్గరికి వస్తే దాని ఇష్టం. తిమింగలం వెంటపడి తరమని బోటునే ఎంచుకోండి.

ఈ నియమం ఎందుకో పిల్లలకి కళ్ళారా చూపించొచ్చు. మాంటెరే ఊళ్ళో ఓల్డ్ వేలింగ్ స్టేషన్ అనే పాత ఇల్లు ఉంది. దాని ముందున్న కాలిబాట తిమింగలాల ఎముకలతో పరిచింది. 1850లలో ఈ రేవు నుంచి బయల్దేరిన పడవలు వాటిని నూనె కోసం చంపడానికి వెళ్ళేవి. దక్షిణాన సాన్ డియాగోలో 1955లో ఒక జాలరి తిమింగలాల్ని చూపించడానికి డాలరు టికెట్టు పెట్టి జనాన్ని తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. వ్యాపారం కోసం వాటిని వేటాడటాన్ని ఆపాలని అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో నిర్ణయించింది, అది 1986 నుంచి అమల్లోకి వచ్చింది. అంతరించే ప్రమాదం నుంచి తేరుకుందని అమెరికా 1994లో ఈ తీరపు బూడిదరంగు తిమింగలాన్ని ప్రమాదంలో ఉన్న జీవుల జాబితా నుంచి తీసేసింది. మాంటెరే బే 1992 నుంచి జాతీయ సముద్ర రక్షిత ప్రాంతం. మనుషులు తమ అలవాటు మార్చుకోగలరని పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా నిజమైన కథ అక్కర్లేదు. ఆ ఎముకల బాట మీద నడిచి, తర్వాత రేవుకి వెళ్ళండి.

బోటెక్కలేనివాళ్ళు కూడా యాత్రికులే

అందరూ బోటెక్కి తీరాలని లేదు. బూడిదరంగు తిమింగలాలు ఒడ్డుకి దగ్గరగా సాగే జాతి కాబట్టి, వాటి కాలంలో పాయింట్ పీనోస్, పాయింట్ లోబోస్ లాంటి చోట్ల కొండచరియ మీద కుర్చీ వేసుకుని చూడొచ్చు. గర్భవతులకీ, నడుము నొప్పి ఉన్నవాళ్ళకీ, పసిపిల్లల తల్లులకీ ఇది మంచి దారి. సగం మంది బోటులో, సగం మంది ఒడ్డున ఉండి, సాయంత్రం ఎవరు ఏం చూశారో చెప్పుకోవచ్చు. 1984లో తెరిచిన మాంటెరే బే అక్వేరియం కూడా దగ్గర్లోనే ఉంది. గాలి ఎక్కువై బోటు రద్దయినా ఆ రోజుకి ఒక దారి ఉంటుంది.

ఆంధ్ర, తెలంగాణల నుంచి బయల్దేరేవాళ్ళకి దగ్గర చోటు శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్స. సుమారు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ నీలి తిమింగలాలు కనిపిస్తాయి. లోతైన సముద్రం ఒడ్డుకి దగ్గరగా ఉండటమే అక్కడా కారణం. చాలా బోట్లు ఒకే తిమింగలం చుట్టూ మూగే ఇబ్బంది అక్కడ ఉంది గనక, దూరం పాటించే బోటుని అడిగి మరీ ఎంచుకోండి. కడుపు, బట్టలు, పనుల పంపకం గురించి పైన చెప్పినవన్నీ అక్కడికీ వర్తిస్తాయి. ఎండ మాత్రం ఎక్కువ.

రాకపోతే

అన్నీ సరిగ్గా చేసినా తిమింగలం రాకపోవచ్చు. ఆ సాయంత్రం పిల్లలకి సర్దిచెప్పే ప్రయత్నం చెయ్యకండి. “నాకూ చూడాలనుంది, బాధగానే ఉంది” అని నిజం చెప్పండి. ఆ బాధని అలాగే ఉండనివ్వండి. తర్వాత, మనం చెయ్యాల్సిన పనిలో ఎవరెవరు ఏం బాగా చేశారో పేరుపేరునా చెప్పండి. చలిలో తాతయ్య గంటసేపు దిక్కు వదలకుండా చూశారని, అక్క వికారంగా ఉన్నా తమ్ముడి చెయ్యి వదల్లేదని చెప్పండి. ఫలితం రాని రోజున కూడా శ్రమని గుర్తించే ఇంట్లో పెరిగిన పిల్లలు, రేపు ఏ పనినైనా ఫలితం తెలియకుండానే మొదలుపెట్టే ధైర్యం తెచ్చుకుంటారు.

ఈ వారం నుంచి చెయ్యాల్సినవి

1. ఇంట్లో అందరూ కలిసి క్యాలెండరు చూసి, ఏ కాలంలో ఏ తిమింగలం కోసం వెళ్ళాలో నిర్ణయించండి.

2. పెద్దవాళ్ళతో విడిగా కూర్చుని ఆరోగ్యం, మాత్రల వేళలు, భయాలు అడగండి. మందుల గురించి డాక్టరుతో మాట్లాడండి.

3. బోటు వాళ్ళకి ఫోను చేసి పైన చెప్పిన ప్రశ్నలన్నీ అడగండి. ఆ ఫోను మీ పెద్ద పిల్లల చేత చేయించండి.

4. దిక్కులు చూడటం, లెక్క, ఫొటో, బైనాక్యులర్స్ అనే నాలుగు పనుల్ని ఎవరెవరు చేస్తారో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఎవరి పని వాళ్ళే ఎంచుకోవాలి.

5. బయల్దేరేలోగా ఏదో ఒక సాయంత్రం చెరువు గట్టు మీదో, పార్కులోనో అరగంట ఫోన్లు లేకుండా కూర్చుని, కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టండి. ఎదురుచూడటం కూడా సాధన చేస్తేనే వస్తుంది.

6. ప్రయాణం నుంచి తిరిగి వచ్చిన రాత్రి ప్రతి ఒక్కరూ తాము చూసిన ఒక విషయం, పక్కవాళ్ళలో గమనించిన ఒక మంచి విషయం చెప్పాలి.

ఈ ఆరింటిలో తిమింగలం చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. అన్నీ మీరు చెయ్యగలిగినవే. మొదటిది ఈ రాత్రి భోజనాల దగ్గరే మొదలుపెట్టండి.